అమ్మకో నాన్నకో అల్జీమర్స్ అన్నాక: ఏ దశలో ఏమి ఎదురవుతుంది, ముందుగా ఏమి సిద్ధం చేసుకోవాలి

వ్యాధి పేరు తెలిసింది, మందులు రాసిచ్చారు, మరి ఇక ముందు ఏం జరుగుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఇంట్లో మేమేం చేయాలి అని అడిగే కుటుంబాలు చాలా ఉన్నాయి. రద్దీగా ఉండే ఓపీలో ఈ మాటలన్నీ కూర్చోబెట్టి చెప్పే వ్యవధి వైద్యులకు దొరకదు. ఆ ప్రశ్నలకు జవాబులను ఎప్పుడు అవసరమవుతాయో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట గుర్తుంచుకోవలసింది ఒకటే. ఈ వ్యాధిలో మనిషి శక్తులు దాదాపు ఒక క్రమంలో తగ్గుతాయి కాబట్టి, ఇప్పుడు ఉన్న దశను ఎలాగో నెట్టుకొస్తూనే తర్వాతి దశకు కావలసినవి ముందే అమర్చుకోవచ్చు. కుటుంబాలు నలిగిపోయేది ఎక్కువగా ఆ అమరిక ఆలస్యమైనప్పుడే.

1. నిర్ధారణ పక్కాగా జరిగిందో చూసుకోండి

మతిమరుపు వచ్చిన పెద్దవారందరికీ ఉన్నది అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ మందగించినా, విటమిన్ బి12 తగ్గినా, మనసు కుంగిపోయినా, తలకు చిన్న దెబ్బ తగిలి కొన్ని వారాల తర్వాత మెదడుపై రక్తం చేరినా ఇలాంటి లక్షణాలే కనబడతాయి. వీటికి చికిత్స ఉంది. శాకాహారులలోనూ, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ రోగులలోనూ బి12 లోపం తరచుగా కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష మానవద్దు.

న్యూరాలజిస్ట్ దగ్గరకు వెళ్లేముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- గత ఏడాదిలో గమనించిన మార్పులు, అవి ఎప్పుడు మొదలయ్యాయో రాసిన కాగితం
- వాడుతున్న మందులన్నీ, దుకాణంలో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలతో సహా, ఒక సంచిలో
- బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, షుగర్, కిడ్నీ రిపోర్టులు, తీయించి ఉంటే సీటీ లేదా ఎంఆర్‌ఐ
- వినికిడి, కంటిచూపు ఇటీవల పరీక్షించిన వివరాలు

హైదరాబాద్‌లోని నిమ్స్, విశాఖపట్నంలోని కేజీహెచ్, తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో న్యూరాలజీ విభాగాలు ఉన్నాయి. జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులోనే, వారి చదువుకు తగినట్టుగా చేయమని కోరండి. బడికి వెళ్లని అమ్మకు చదువుకున్నవారి ప్రశ్నపత్రం పెడితే వ్యాధి లేకపోయినా మార్కులు తక్కువే వస్తాయి.

మందుల విషయంలో ఆశను సరైన కొలతలో పెట్టుకోవాలి. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటివి కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి కానీ వ్యాధిని ఆపలేవు. డోనెపెజిల్ మొదలుపెట్టాక వాంతులు, విరేచనాలు అయినా, నాడి నెమ్మదించి కళ్లు తిరిగినా మీ అంతట మీరు మానేయకుండా వెంటనే వైద్యుడికి చెప్పండి.

2. ఏది ముందు పోతుంది, ఏది తర్వాత

నిర్ధారణ తర్వాత సగటున 4 నుంచి 8 ఏళ్లు జీవిస్తారని చెబుతారు. 20 ఏళ్ల వరకు ఉన్నవారూ ఉన్నారు. మధ్య దశే సాధారణంగా అన్నిటికన్నా దీర్ఘమైనది. ఏళ్ల లెక్క మనిషికీ మనిషికీ మారుతుంది, కానీ క్రమం మాత్రం పెద్దగా మారదు. వైద్యులు వాడే ఫాస్ట్ అనే 7 దశల కొలమానం ఈ క్రమం మీదనే నిర్మితమైంది:

- మొదట డబ్బు లెక్కలు, బ్యాంకు పనులు, పదిమందికి వంట చేయడం వంటి క్లిష్టమైన పనులు తప్పుతాయి.
- తర్వాత సందర్భానికీ కాలానికీ తగిన బట్టలు ఎంచుకోలేరు.
- ఆపై బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డి వాడకానికి సాయం కావాలి.
- తర్వాత మూత్రం మీద, ఆ తర్వాత మలం మీద అదుపు పోతుంది.
- చివరి దశలో మాటలు ఐదారుకు తగ్గి, తర్వాత నడక, ఆపై ఆసరా లేకుండా కూర్చోవడం పోతాయి.

ఈ జాబితాను ఫ్రిజ్ మీద అంటించమని నేను చెప్పను. పెద్దవారు ఇంకా చదవగలరు, చదివి నొచ్చుకుంటారు. కానీ చూసుకునేవారందరి దగ్గరా ఒక ప్రతి ఉండాలి, ఎందుకంటే దీనికి ఇంకొక ఉపయోగం ఉంది. క్రమం తప్పి ఏదైనా ముందే వచ్చిందంటే, ఉదాహరణకు తన బట్టలు తాను చక్కగా కట్టుకుంటున్న నాన్న హఠాత్తుగా పక్క తడుపుతున్నారంటే, అది అల్జీమర్స్ ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షనో, ప్రొస్టేట్ సమస్యో ఉందేమో చూపించాలి.

3. సంతకం చెల్లే కాలంలోనే కాగితాలు పూర్తి చేయండి

అన్నిటికన్నా ముందు మూసుకుపోయే తలుపు ఇదే. అందుకే నిర్ధారణ అయిన మొదటి నెలల్లోనే ఈ పని పెట్టుకోవాలి. ఆస్తి మాట ఎత్తితే అమ్మానాన్నలు ఏమనుకుంటారో అన్న మొహమాటం సహజమే, కానీ ఆ మొహమాటం వల్ల వారి కోరిక ఏమిటో వారి నోటి నుంచి తెలుసుకునే అవకాశమే పోతుంది.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకోవడం చాలా కుటుంబాలు చేసే పొరపాటు. మన దేశంలో కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా ముగిసిపోతుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజుకే అది పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత మిగిలేది సంరక్షకుడిగా నియమించమని హైకోర్టును ఆశ్రయించే మార్గం. దానికి సమయమూ ఖర్చూ పడతాయి.

వారికి స్పష్టత ఉన్నప్పుడే చేయవలసినవి:

- ముఖ్యమైన బ్యాంకు ఖాతాలను, డిపాజిట్లను ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల ఉమ్మడి ఖాతాలుగా మార్చడం, నామినీ పేర్లు సరిచూడడం
- ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా, అదే రోజు తేదీతో వారు నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నారన్న వైద్యుడి ధ్రువపత్రం
- చివరి రోజుల్లో ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో తెలిపే పత్రం. దీన్ని సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. 2023లో విధానాన్ని సులభం చేయడంతో ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతో ధ్రువీకరిస్తే సరిపోతుంది.
- ఆధార్, పాన్, పట్టాదారు పాస్‌పుస్తకాలు, బీమా, లాకరు తాళం ఎక్కడున్నాయో రాసిన పట్టిక
- పెన్షన్ ఉంటే ఏటా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కోసం ఫోనులో ముఖం చూపించే పద్ధతి నేర్చుకోవడం. వేలిముద్రలు అరిగిపోయినవారికి ఇదే మేలు.

70 ఏళ్లు దాటినవారికి ఇంటివద్దే ప్రాథమిక సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. మీ శాఖలో అడగండి.

4. ప్రమాదం తెచ్చే పనులను ఒక్కొక్కటిగా తప్పించండి

అన్నీ ఒకేసారి లాక్కుంటే పెద్దవారు అవమానపడి ఎదురుతిరుగుతారు. ఏది ప్రాణం మీదికి తెస్తుందో దానితో మొదలుపెట్టండి.

మొదటిది మందుల డబ్బా. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్ర గానీ వేసుకున్న సంగతి మరిచి రెండోసారి వేసుకుంటే షుగర్ పడిపోయి అపస్మారకం రావచ్చు. కాబట్టి మందులు తాళంలో ఉండాలి, ఇంట్లో ఒకరే ఇవ్వాలి, మింగేదాకా ఎదురుగా నిలబడాలి.

తర్వాత వాహనం. "డాక్టరు గారు కొన్నాళ్లు బండి తీయొద్దన్నారు" అని వైద్యుడి పేరు మీద చెబితే కొడుకు మీద కోపం రాదు. గ్యాసుకు సిలిండరు దగ్గరే రెగ్యులేటరు కట్టేయడం అలవాటు చేసుకోండి. పూజగదిలో దీపం వెలిగించడం అమ్మకు ప్రాణంతో సమానమైతే మాన్పించవద్దు. పక్కన ఒకరు ఉన్నప్పుడు వెలిగించనిచ్చి, ఆమె లేచాక కొండెక్కించి, మిగతా వేళల్లో బ్యాటరీ దీపం పెట్టండి. బాత్రూంకు లోపలి గడియ తీసేయండి. ఫోనులో వచ్చే మోసగాళ్లకు ఓటీపీ చెప్పేసే ప్రమాదం తొలి దశలోనే ఎక్కువ. ఫోనులో డబ్బు పంపే యాప్‌లున్న ఖాతాలో కొద్ది మొత్తమే ఉంచండి.

5. మధ్య దశలో మాటలు: ఏమని జవాబివ్వాలి

ఇంటివారిని లోలోపల కోసేది ఈ దశే. జ్ఞాపకం జారిపోయిన చోట మెదడు తనకు తోచిన కారణాన్ని పెట్టుకుంటుంది. దాచిన చోటు మరిచిపోయిన గాజులు దొంగతనం అయిపోతాయి, తిన్న సంగతి మరిచిపోయిన అన్నం పెట్టని అన్నం అయిపోతుంది. ఆ నింద ఎప్పుడూ దగ్గరుండి చేసేవారి మీదే పడుతుంది, అంటే చాలా ఇళ్లలో కోడలి మీద, కూతురి మీద, పనిమనిషి మీద.

గాజులు పోయాయన్నప్పుడు "మేమెందుకు తీస్తాం" అని వాదించడం, బీరువా తెరిచి రుజువు చూపించడం రెండూ పనిచేయవు. "అయ్యో, గాజులు కనబడట్లేదా అత్తయ్యా? రండి, ఇద్దరం కలిసి వెతుకుదాం" అని చేయి పట్టుకుని లేవదీయండి. దిండు గలీబులో, బియ్యం డబ్బాలో, పాత చీరల మడతల్లో, చెత్తబుట్టలో వెతకండి. వారు దాచే చోట్లు రెండు మూడే ఉంటాయి, కొద్దిరోజుల్లో మీకు తెలిసిపోతాయి. అసలు బంగారం లాకరుకు చేర్చి, అదే నమూనాలో గిల్టు గాజులు చేతికి వేయడం మంచిది.

అన్నం పెట్టలేదన్నప్పుడు "ఇప్పుడేగా తిన్నారు" అనకండి. "పెడుతున్నానండీ" అని అరటిపండు సగమో, చిన్న ఇడ్లీయో ఇవ్వండి. పూట భోజనాన్ని ముందే రెండు భాగాలు చేసి ఉంచుకుంటే రెండోసారి అడిగినప్పుడు పెట్టడానికి ఉంటుంది, షుగరూ అదుపులో ఉంటుంది.

ఇదే ఫిర్యాదు పక్కింటివారికీ, ఫోనులో అమెరికాలో ఉన్న కొడుక్కీ చేరుతుంది. పది నిమిషాల వీడియో కాల్‌లో అమ్మ చక్కగా, పొందికగా మాట్లాడుతుంది కాబట్టి, దూరాన ఉన్నవారు చూసుకుంటున్నవారినే అనుమానిస్తారు. ఇంత చాకిరీ చేసి మాట పడడం కన్నా పెద్ద దెబ్బ లేదు. అందుకే బంధువులందరికీ ముందుగానే ఒక సందేశం పంపండి, ఇలా:

"అమ్మకు అల్జీమర్స్ అని వైద్యులు నిర్ధారించారు. తిన్నది మరిచి అన్నం పెట్టలేదనీ, వస్తువులు ఎవరో తీశారనీ చెప్పవచ్చు. అది వ్యాధి లక్షణం. దయచేసి ఆమెతో వాదించవద్దు, విన్నది మాకు ఫోను చేసి చెప్పండి. మీకు వీలైతే వచ్చి ఒక వారం ఆమె దగ్గర ఉండండి."

చివరి వాక్యం తప్పక రాయండి. వచ్చి ఉన్నవారికి ఇంకేమీ వివరించనక్కరలేదు. అయితే ఫిర్యాదులన్నీ వ్యాధివేనని కొట్టిపారేయకూడదు. ఒంటిమీద కమిలిన గుర్తులు, ఒక అటెండెంట్‌ను చూస్తేనే బెదరడం కనిపిస్తే విచారించాలి.

చనిపోయిన భర్త గురించి "ఆయన ఇంకా రాలేదేం?" అని అడిగితే మరణవార్త ప్రతిసారీ చెప్పవద్దు. వారికి అది ప్రతిసారీ కొత్త వార్తే. "నాన్న గుర్తొచ్చారా అమ్మా? నాన్నకు ఏ కూర ఇష్టం?" అని ఆయన గురించే మాట్లాడించండి. "మా ఇంటికి పోతాను" అని సొంతింట్లోనే మూట కట్టుకునేవారికీ ఇదే పద్ధతి. ఆ ఇంటి గురించి, ఆ ఊరి చెరువు గురించి అడుగుతూ కాసేపు వీధిలో నడిపించి తీసుకురండి.

6. స్నానం: వరుస తప్పకుండా

స్నానానికి ససేమిరా అనడం మొండితనం కాదు. చలి, తలమీద నీళ్లు పడతాయన్న భయం, కొడుకు ముందు బట్టలు విప్పాలన్న సిగ్గు, ఇందాకే చేశానన్న నమ్మకం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

1) తువ్వాలు, ఒంటికి తొడిగే వరుసలో పేర్చిన బట్టలు, సబ్బు, మగ్గు ముందే లోపల పెట్టండి. నేల ఆరి ఉండాలి, జారని చాప, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి.
2) గీజరు నీళ్లను బకెట్లో కలిపి మీ మోచేతితో వేడి చూసుకోండి. కుళాయి వారి చేతికి వదలవద్దు.
3) జారని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఒడిలో తువ్వాలు కప్పండి. ఆ తువ్వాలు మీదనుంచే నీళ్లు పోయవచ్చు.
4) నీళ్లు మొదట పాదాల మీద, తర్వాత మోకాళ్లు, చేతులు, భుజాల మీద పోయండి. తలంటు వేరే రోజుకు పెట్టుకోండి.
5) ఒక్కోసారి ఒక్క మాటే చెప్పండి: "చెయ్యి ఇవ్వండి." అది అయ్యాక రెండోది. సబ్బు వారి చేతిలోనే ఉంచితే పాత అలవాటు కొంత పని చేసిపెడుతుంది.
6) తుడిచేటప్పుడు రొమ్ముల కింద, గజ్జల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా చూసి, చర్మం ఎర్రబడిన చోట్లు గమనించండి.

వద్దంటే వదిలేసి అరగంట తర్వాత మళ్లీ పిలవండి. రోజూ స్నానం చేయించి తీరాలన్న పట్టుదల వద్దు. వారంలో రెండు మూడు రోజులు స్నానం, మిగతా రోజుల్లో తడిగుడ్డతో ఒళ్లు తుడవడం చాలు. చీర కష్టమైతే ముందు తెరుచుకునే నైటీ, పంచె కష్టమైతే నడుముకు ఎలాస్టిక్ ఉన్న లుంగీ కుట్టించండి.

7. సాయంత్రపు కలవరం, బయటికి వెళ్లిపోవడం

పొద్దు వాలేసరికి అటూ ఇటూ తిరగడం, కోపం, ఏడుపు ఎక్కువవుతాయి. మధ్యాహ్నం నిద్రను అరగంటకు కుదించి, ఉదయం ఎండలో నడిపించి, చీకటి పడకముందే ఇంట్లో అన్ని లైట్లూ వేయండి. సాయంత్రం కాఫీ, టీవీలో గొడవల సీరియళ్లు మానండి. చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడతపెట్టడం వంటి చేతిపని ఆ వేళకు అట్టే పెట్టండి.

బయటికి వెళ్లిపోయే ప్రమాదానికి ముందే చేయవలసినవి:

- మెడలో గొలుసుకో, చొక్కా లోపలో ఫోను నంబరు
- తలుపుకు చూపు పడని ఎత్తులో అదనపు గడియ, తెరిస్తే మోగే గంట
- ఫోనులో ఈ నెల తీసిన ఫొటో
- వాచ్‌మన్‌కు, వీధి మొదట్లోని దుకాణదారుకు, ఆటోస్టాండులో ఇద్దరికి మీ నంబరు

ఒకవేళ కనబడకపోతే పావుగంట చుట్టుపక్కల వెతికి, వెంటనే 112కు ఫోను చేయండి. వాళ్లే వస్తారులే అని సాయంత్రం దాకా ఆగవద్దు. పాత ఇల్లు, పాత ఆఫీసు, రోజూ వెళ్లిన గుడి, బస్టాండు వైపు ఎవరినైనా పంపండి. వారిని ఒంటరిగా ఇంట్లో ఉంచి బయటినుంచి తాళం వేసి పోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మంటలు లేస్తే దారి ఉండదు.

8. మూడు నెలలు ఒకరి ఇంట్లో, మూడు నెలలు ఇంకొకరి ఇంట్లో వద్దు

అన్నదమ్ములు వంతులు వేసుకోవడం మన ఇళ్లలో న్యాయంగా కనబడుతుంది, కానీ ఈ వ్యాధిలో అది పెద్దవారికి హాని చేస్తుంది. బాత్రూం ఎటుందో పాత అలవాటు మీదే తెలుస్తున్న మనిషికి ఇల్లు మారిన ప్రతిసారీ ఆ కొద్ది ఆధారమూ పోతుంది. మనిషి ఒకే చోట ఉండాలి, చూసుకునేవారు మారాలి. దగ్గర లేనివారు అటెండెంట్ జీతం భరించాలి, లేదా ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి కూర్చోవాలి. ఈ ఒప్పందం వాట్సాప్‌లో రాసి ఉండాలి. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు విమానంలో తీసుకువెళ్లాలన్న ఆలోచన ఉంటే తొలి దశతోనే ఆపడం క్షేమం.

చూసుకునేవారికి వారంలో కనీసం ఒక పూట పూర్తి సెలవు ఉండాలి. వారి నిద్ర, బీపీ, నడుమునొప్పి గురించి అడిగేవారు ఒకరుండాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక సాయం కోసం టెలీ మానస్ 14416 తెలుగులో మాట్లాడతాయి. భారత అల్జీమర్స్ సంఘానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది.

9. అకస్మాత్తుగా మారితే అది అల్జీమర్స్ కాదు

ఈ వ్యాధి నెలల లెక్కన నడుస్తుంది. రెండు రోజుల్లో మనిషి తారుమారైతే, పగలంతా మత్తుగా పడుకున్నా, లేనివి కనబడుతున్నాయన్నా, ఇంకో కారణం వెతకాలి. వైద్యుడి దగ్గరకు అదే రోజు వెళ్లి ఇవి అడగండి: మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, సోడియం పడిపోవడం, నీళ్లు చాలకపోవడం, మలబద్ధకం, ఈ మధ్య పడిన దెబ్బ, కొత్త మందు. క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మాత్రలు, అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోవడానికి ఇచ్చే కొన్ని మాత్రలు తికమకను పెంచుతాయి. మూతి ఒకపక్కకు వంకరపోయినా, చేయి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, గంటలు కాదు నిమిషాలు లెక్కించాలి.

కలవరం తగ్గడానికి నిద్రమాత్రో, మానసిక వ్యాధికి వాడే మందో అడగాలనిపిస్తుంది. ఆ రెండో రకం మందులు మతిభ్రంశం (అల్జీమర్స్ వంటి డిమెన్షియా) ఉన్న పెద్దవారిలో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. తప్పనిసరైతే తక్కువ మోతాదు, తక్కువ కాలం, ఎప్పుడు ఆపాలో ముందే అడిగి రాసుకోండి.

10. చివరి దశ: మింగడం, చర్మం, నిర్ణయాలు

మాట, నడక తగ్గాక పని అంతా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది మింగడం. నీళ్లు, పలచటి మజ్జిగ పొలమారతాయి. చిక్కటి రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం తేలిక. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చిన్న చెంచాతో పెట్టి, నోరు ఖాళీ అయ్యాకే తర్వాతి ముద్ద పెట్టండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. బుగ్గల్లో మిగిలిన మెతుకులు తీసి నోరు శుభ్రం చేయండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి జారిన ఆహారం వల్ల వచ్చే నెమ్మే ఈ దశలో ప్రాణాలు తీసే ముఖ్య కారణాల్లో ఒకటి.

రెండోది చర్మం. మంచం పట్టినవారిని 2 గంటలకోసారి పక్కకు తిప్పండి, గాలి పరుపు వాడండి, తుంటి, నడుము చివర, మడమలు రోజూ చూడండి. ఎర్రబడిన చోటు నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే.

మూడోది నొప్పి. చెప్పలేరు కాబట్టి ముఖం ముడవడం, మూలగడం, తాకితే బిగుసుకుపోవడం చూసి మీరే గుర్తించాలి.

తినడం తగ్గినప్పుడు ముక్కులోనో కడుపులోకో గొట్టం వేద్దామని ఆసుపత్రిలో అడుగుతారు. ముదిరిన దశలో గొట్టం ఆయుష్షును పెంచుతుందని గానీ, నెమ్మును ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. పీకేసుకోకుండా చేతులు కట్టేయవలసి రావచ్చు. వారు స్వీకరించినంత చేత్తో పెట్టడమే మేలని నా అభిప్రాయం. గొట్టం, ఐసీయూ, వెంటిలేటరు గురించి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ప్రశాంతంగా ఉన్న రోజునే కూర్చుని మాట్లాడుకుని, 3వ భాగంలో చెప్పిన పత్రం ఉంటే దాన్ని చదివి, నిర్ణయాన్ని చూసే వైద్యుడికి చెప్పాలి. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం (నయంకాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే విభాగం) ఉందో, ఇంటికి వచ్చి చూస్తారో ఇప్పుడే కనుక్కోండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోను చేయాలో, ఏ మందు ఇవ్వాలో రాసిన కాగితం మంచం పక్కన ఉండాలి. రాత్రి డ్యూటీకి వచ్చే అటెండెంట్‌కు దాన్ని చదివి వినిపించండి.